విమానం సంగతి తరువాత, ముందు ‘తిన్నారా’ అని అడగండి



ఈసారి మధుమేహం గురించో రక్తపోటు గురించో నేరుగా కాక, రద్దయిన విమానం గురించి వ్రాస్తున్నాను. పదవీ విరమణ చేసిన ప్రభుత్వ వైద్యుడికి విమానాలతో ఏమి పని అని మీకు అనిపించవచ్చు. ఈనాడు ఖమ్మంలో ఏ వీధిలో చూసినా రెండు మూడు ఇళ్ళ పిల్లలు బెంగుళూరులోనో, ఢిల్లీలోనో, డల్లాస్‌లోనో ఉన్నారు. పండుగకు, పెళ్ళికి, భద్రాచలం ముక్కోటికి చుట్టాలు విమానాల్లో వస్తున్నారు, విమానాల్లోనే తిరిగి వెళ్తున్నారు. వారిలో అరవై దాటినవారు చాలామంది. అటువంటివారి చేతిసంచిలో బోర్డింగ్ పాసుతో పాటు మందుల డబ్బా కూడా ఉండాలి. లేకపోతే ఏమవుతుందో నాకు అనుభవంలోకి వచ్చింది.

నా వాదన ఒక్కటే. వృద్ధుల తిరుగు ప్రయాణం మధ్యలో ఆగిపోయినప్పుడు దానిని మనమందరం టికెట్టు సమస్యగా చూస్తున్నాం. విమాన సంస్థ అలాగే చూస్తోంది, ప్రభుత్వ నియమాలు అలాగే చూస్తున్నాయి, ఇంట్లో ఫోను పట్టుకొని కూర్చున్న మనమూ అలాగే చూస్తున్నాం. నిజానికి ఆ క్షణం నుంచి అది వైద్య సమస్య. ఇతరులను వేలెత్తి చూపడం తేలిక. మొదటి తప్పు నాదే గనుక దానితోనే మొదలుపెడతాను.

మా అక్కయ్య ప్రయాణం

కొన్నేళ్ళ క్రితం మా అక్కయ్య ముక్కోటికని ఢిల్లీ నుంచి వచ్చింది. అప్పటికి ఆమెకు 76 ఏళ్ళు. ఇరవై ఏళ్ళుగా మధుమేహం, దానికి రెండు పూటలా ఇన్సులిన్. రక్తపోటుకు మాత్రలు సరేసరి. భద్రాచలంలో తెప్పోత్సవం చూసింది, మర్నాడు తెల్లవారుజామున ఉత్తరద్వార దర్శనం చేసుకున్నది, మా ఇంట పది రోజులు ఉన్నది. తిరుగు ప్రయాణం రోజున ఆమె పెట్టెను నేనే సర్దాను. చేతిసంచి బరువైతే మోయలేదని గ్లూకోమీటరు, మాత్రల డబ్బా, మరుసటి వారానికి సరిపడే మందులు అన్నీ పెద్ద పెట్టెలో పెట్టాను. చేతిసంచిలో ఆ పూట ఇన్సులిన్ పెన్ను, ప్రసాదం లడ్డూ, ఫోను మాత్రమే మిగిలాయి. శంషాబాదుకు కారులో నాలుగు గంటల ప్రయాణం. డ్రైవరు ఆమెను దింపి, చక్రాల కుర్చీ ఎక్కించి వెనుదిరిగాడు.

విమానం రాత్రి 8.15కు. ఎక్కగానే భోజనం ఇచ్చేలా టికెట్టుతోనే చెప్పి ఉంచాము. ఎక్కడానికి పిలుస్తున్నారని తెలిసి, అలవాటు ప్రకారం భోజనానికి అరగంట ముందుగా 7.40కి ఆమె ఇన్సులిన్ పొడుచుకున్నది. తరువాత ఢిల్లీలో పొగమంచు అన్నారు. 9 గంటలకు అన్నారు. 9.45 అన్నారు. 10.30 అన్నారు. చక్రాల కుర్చీ మరొకరికి కావాలని తీసుకువెళ్ళారు. లేచి ఫలహారశాలకు వెళ్తే పిలుపు వినబడదేమో, వరుసలో చోటు పోతుందేమో అని ఆమె కుర్చీ వదలలేదు. పోకకు పోవలసి వస్తుందని మంచినీళ్ళు కూడా తాగలేదు.

8.50కి నాకు ఫోను చేసింది. “ఇంకా పిలవడం లేదురా తమ్ముడూ” అన్నది. ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ సేవలో షుగరు రోగులను చూసిన నేను ఏమడిగానో తెలుసా? “ఎంత ఆలస్యమట? ఫోనుకు మెసేజ్ వచ్చిందా? రద్దయితే డబ్బులు వాపసు ఇస్తారట కదా, అడిగావా?” ఇవీ నా ప్రశ్నలు. “సరే, ఓపిక పట్టు అక్కయ్యా” అని పెట్టేశాను. తిన్నావా అని అడగలేదు.

9.30 ప్రాంతంలో ఆమె కౌంటరు దగ్గరకు వెళ్ళి పెద్ద గొంతుతో ఏదో అనడం మొదలుపెట్టిందట. మాట తడబడుతోంది, చెప్పిందే చెబుతోంది. సిబ్బంది ఆమెను గొడవ చేసే ప్రయాణికురాలిగా లెక్క వేసి, వెళ్ళి కూర్చోమని గట్టిగా చెప్పారు. జనవరి చలిలో, ఏసీ హాలులో ఆమె జాకెట్టు చెమటకు తడిసిపోయి ఉన్నది. అది ఎవరికీ కనబడలేదు. కనబడింది ఒక్క నేల తుడిచే అమ్మాయికి. “పెద్దమ్మా, నీకు షుగరుందా?” అని అడిగింది. ఆ అమ్మాయి తల్లికీ షుగరే. టీ కొట్టుకు పరుగెత్తి చక్కెర పొట్లాలు తెచ్చి నీళ్ళలో కలిపి తాగించింది. పావుగంటకు అక్కయ్య తేరుకున్నది. ఇంకొంచెం ఆలస్యమై ఉంటే స్పృహ తప్పేది. ఆ తరువాత ఏమయ్యేదో వ్రాయడానికి నాకు చేయి రాదు.

రాత్రి 11.30కి విమానం రద్దు. పెట్టె చేతికి వచ్చేసరికి రెండయింది. నేను అర్ధరాత్రి ఖమ్మంలో బయలుదేరి తెల్లవారుజామున చేరుకున్నాను. రెండు రోజుల తరువాత ఆమె వేరే విమానంలో క్షేమంగా ఇల్లు చేరింది. టికెట్టు డబ్బు కూడా కొన్నాళ్ళకు వచ్చింది. నేను అంతగా ఆత్రపడిన ప్రశ్నకు జవాబు దానంతట అదే దొరికింది. అడగని ప్రశ్నే మనిషిని తీసుకుపోబోయింది.

అక్కయ్య అనుమతితోనే ఇది వ్రాస్తున్నాను. ఆమె నన్ను ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు శిక్ష.

ఒకప్పుడు నేర్చిన పాఠమే

నన్ను మరీ బాధించే విషయం మరొకటి ఉన్నది. ఈ పాఠం నాకు కొత్తది కాదు. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు పెరిగింది. అప్పుడు నేను ఏజెన్సీలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుణ్ణి. మెరకన ఉన్న బడులలో జనాన్ని ఉంచాము. వారిలో వరదకు చిక్కుకుపోయిన చుట్టాలు కూడా ఉన్నారు. రెండు రోజులకని వచ్చి పది రోజులు ఉండిపోయినవారు. మేము బియ్యం లెక్కపెట్టాము, దుప్పట్లు లెక్కపెట్టాము, క్లోరిన్ బిళ్ళలు లెక్కపెట్టాము. “మీరు రోజూ ఏ మాత్ర వేసుకుంటారు?” అని ఎవరినీ అడగలేదు. మూడవ రోజున ఒక కుర్రవానికి ఆగకుండా మూర్ఛలు వచ్చాయి. వాడి మాత్రలు నీట మునిగిన ఇంట్లో, దూలానికి కట్టిన సంచిలో ఉన్నాయి. అడిగి ఉంటే మా మందుల పెట్టెలో ఆ మాత్ర ఉన్నది.

వాడు బతికాడు. ఆ రోజున ఒక నోటు పుస్తకంలో వ్రాసుకున్నాను: ఆగిపోయిన మనిషికి బియ్యంతో పాటు మాత్ర లెక్క కూడా చూడాలి అని. ఆ పుస్తకం ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉన్నది. వరదలో నేర్చుకున్నది విమానాశ్రయంలో గుర్తుకు రాలేదు. అద్దాల గోడలు, నున్నటి నేల, చల్లటి గాలి చూసి అక్కడ ఎవరికీ ఏమీ కాదని మనం నమ్ముతాం. కడుపు మాడ్చుకొని కూర్చున్న షుగరు రోగికి ఆ అద్దాల గోడకూ బడి గోడకూ తేడా లేదు.

నియమానికి గడియారం ఉన్నది, శరీరం లేదు

మన పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నియమాలు ప్రయాణికులకు కొన్ని హక్కులు ఇచ్చాయి. రెండున్నర గంటల లోపు ప్రయాణమైతే రెండు గంటలు దాటిన ఆలస్యానికి, రెండున్నర నుంచి ఐదు గంటల ప్రయాణమైతే మూడు గంటలు దాటిన ఆలస్యానికి, అంతకంటే దూరమైతే నాలుగు గంటలు దాటిన ఆలస్యానికి తిండి, పానీయం ఇవ్వాలి. ఆలస్యం 24 గంటలు దాటితే బస ఇవ్వాలి. రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 లోపు బయలుదేరవలసిన విమానమైతే ఆరు గంటలు దాటితేనే ఇవ్వాలి. రద్దయితే వేరే విమానమో డబ్బు వాపసో ఇవ్వాలి. ఇవి మంచి నియమాలే. ఇవి ఉన్నాయని చాలామందికి తెలియనే తెలియదు గనుక వివరంగా వ్రాశాను.

కాని ఒక్కసారి మా అక్కయ్య గడియారాన్ని ఈ గడియారం పక్కన పెట్టి చూడండి. 8.15 విమానానికి నియమం ప్రకారం తిండి దక్కేది 10.15 తరువాత. 7.40కి పొడుచుకున్న ఇన్సులిన్ 8.10కే పని మొదలుపెట్టింది. 9.30కి ఆమె మాట తడబడింది. అంటే అందరూ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించినా, ఆ పళ్ళెం వచ్చేసరికి ముప్పావుగంట ఆలస్యమయ్యేది. నియమం ఆలస్యాన్ని కొలిచింది గాని, ఆలస్యమైన మనిషిని కొలవలేదు.

మరొక ఉదాహరణ. 2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో సంస్థ వేల విమానాలను రద్దు చేసింది. 5వ తేదీన ఒక్కరోజే వెయ్యికి పైగా రద్దయ్యాయి. శంషాబాదులో జనం నేల మీద పడుకున్న దృశ్యాలు మీరూ చూసే ఉంటారు. కారణం, పైలట్ల పనివేళల కొత్త నియమాలకు తగినట్లు ఆ సంస్థ ముందుగా సిద్ధం కాకపోవడం. ఆ నియమాలను నేను వైద్యుడిగా సమర్థిస్తాను. వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచడం, రాత్రి వేళ దిగే విమానాల సంఖ్యను తగ్గించడం ప్రయాణికుల ప్రాణాల కోసమే. నిద్రలేని వైద్యుడు ఎంత ప్రమాదమో నిద్రలేని పైలటూ అంతే. రాత్రంతా కాన్పులు చేసి ఉదయం ఓపీలో కూర్చున్న రోజులు నాకు గుర్తున్నాయి. ఆ రోజు వ్రాసిన చీటీలను తలచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది. రద్దుల ఒత్తిడికి ఆ విశ్రాంతి నియమాలనే ప్రభుత్వం కొంతకాలం సడలించవలసి రావడం విచారకరం.

ఆ వారంలో మంత్రిత్వ శాఖ మరొక ఆదేశం ఇచ్చింది. ప్రయాణికులకు దూరమైన సామానును 48 గంటల్లో వారి ఇంటికి చేర్చాలన్నది. చీరలకు, పచ్చళ్ళకు 48 గంటలు ఫరవాలేదు. ఆ పెట్టెలో ఇన్సులిన్ ఉంటే? మూర్ఛ మాత్రలుంటే? మందులున్న పెట్టెలను ముందు వెతకండి అన్న ఒక్క వాక్యం చేరిస్తే ఎవరి సొమ్ము పోయేది?

మూడు సాకులు, మూడు జవాబులు

మొదటి సాకు: “ఒక్క రాత్రే కదా!”

ఒక్క రాత్రే అని ఎవరు హామీ ఇచ్చారు? 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మాన్ని ముంచింది. కాజీపేట, విజయవాడల మధ్య పట్టాల కింది మట్టి కొట్టుకుపోయి రైళ్ళు ఆగాయి. రోడ్లు తెగాయి. ఆ రోజుల్లో శంషాబాదులో విమానం ఎక్కవలసిన చుట్టాలు మన ఇళ్ళలో మేడ మీద కూర్చున్నారు. విమానం తన వేళకు తాను వెళ్ళిపోయింది. లెక్కలో వారు ‘రాని ప్రయాణికులు’. ఇక 2020 మార్చి 22న అంతర్జాతీయ విమానాలు ఆగితే, మామూలు సర్వీసులు తిరిగి మొదలైనది 2022 మార్చి 27న. పిల్లలను చూడడానికి అమెరికా వెళ్ళి చిక్కుకుపోయిన తల్లిదండ్రులు నాకు ఫోన్లు చేసేవారు. తెచ్చుకున్న మాత్రలు అయిపోయాయి, మనం వ్రాసిన చీటీకి అక్కడి దుకాణం మందు ఇవ్వదు, అక్కడి వైద్యుణ్ణి చూడాలంటే ఖర్చుకు భయం. రక్తపోటు మాత్రను రోజు విడిచి రోజు వేసుకుంటూ కొడుకుకు చెప్పని తల్లులు ఉన్నారు. ఒక్క రాత్రి అనుకున్నది నెలలు కావచ్చు. అదీ కాక, నేను చెప్పిన కథ మొత్తం ఒక్క రాత్రిలోనే జరిగింది.

రెండవ సాకు: “పొగమంచుకు ఎవరేం చేస్తారు?”

పొగమంచులో విమానం నడపమని ఎవరూ అడగడం లేదు. వాతావరణం వంటి కారణాలకు నష్టపరిహారం ఇవ్వనక్కరలేదని మన నియమాలూ చెబుతున్నాయి, దానితో నాకు పేచీ లేదు. పరిహారం వేరు, ఆలనా పాలనా వేరు. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిద వల్ల ఐరోపాలో విమానాలు రోజుల తరబడి ఆగాయి. అంతకంటే అసాధారణ పరిస్థితి ఏముంటుంది? అయినా 2013 జనవరిలో ఐరోపా న్యాయస్థానం, పరిహారం అక్కరలేదు గాని తిండి, బస ఇవ్వవలసిన బాధ్యత మాత్రం తప్పదని తీర్పు చెప్పింది. అక్కడి 2004 నాటి నిబంధనలో, ఈ ఆలనలో నడవలేనివారి అవసరాలను ప్రత్యేకంగా గమనించాలని కూడా ఉన్నది. మంచు ఎవరి తప్పూ కాదు. మంచు కురిసిన రాత్రి ముసలమ్మ చక్రాల కుర్చీ లాక్కోవడం మాత్రం ఎవరో ఒకరి తప్పే.

మూడవ సాకు: “వారి ఇంటివాళ్ళు చూసుకోవాలి గాని, మాకేమిటి?”

టికెట్టు లేని ఇంటివాళ్ళను లోపలికి రానివ్వరు. భద్రత కోసం అది సబబే. అయితే మనిషిని లోపల మీ వద్ద ఉంచుకొని, బాధ్యతను బయట మా వద్ద వదిలేయడం ఏమి న్యాయం? ఏజెన్సీలో వాగు పొంగినప్పుడు అవతలి ఊరివాడు ఇవతలి గట్టున ఆగిపోతాడు. ఆ గట్టున ఉన్న ఊరు వాడికి ఇంత అంబలి పోసి, పడుకోవడానికి చోటు చూపుతుంది. ఆ ఊరు వాగును పొంగించలేదు. మనిషి తమ గట్టున ఆగాడు, అంతే. నేను పనిచేసిన కోయ పల్లెల్లో దీనికి నియమావళి ఏదీ లేదు. కోట్లు పోసి కట్టిన విమానాశ్రయానికి ఆపాటి గట్టు ధర్మం ఉండాలని కోరడం అత్యాశ కాదు.

మన ఇంటి తప్పులు

ఇక మన వంతు. అవతలివారిని ఇంతగా అన్నాక మనల్ని మనం వదిలిపెట్టకూడదు.

చుట్టాలు వెళ్తుంటే మనం ఆవకాయ సీసాకు మూడు పొరల ప్లాస్టిక్ చుట్టి త్రాసు మీద పెట్టి తూస్తాం. మందులు ఎన్ని రోజులకు ఉన్నాయో లెక్కపెట్టం. పచ్చడి పగిలితే చీర పాడవుతుందని ఆలోచిస్తాం, మాత్ర తప్పితే మనిషి ఏమవుతుందో ఆలోచించం. విమానం ఆలస్యమైతే పెద్దవాళ్ళ మీదే విసుక్కుంటాం: “మెసేజ్ చూసుకోలేదా? ఆ యాప్‌లో ఉన్నది కదా!” దాంతో వారు మరోసారి ఫోను చేయడానికి జంకుతారు. తల తిరుగుతోందని చెబితే పిల్లలు కంగారు పడతారని, చెప్పకుండా ఊరుకుంటారు. మన తరం ముసలివాళ్ళకు ఓర్చుకోవడం ఒక గొప్ప. ఆ గొప్పను మెచ్చుకోవడం మానండి. అది రోగాన్ని దాచే గుణం.

చేయవలసినవి

1. మందులన్నీ చేతిసంచిలోనే ఉండాలి. ప్రయాణం రోజులకు పైన కనీసం పది రోజులకు సరిపడా ఉంచండి. విదేశమైతే నెల రోజులకు. ఇన్సులిన్‌ను పెద్ద పెట్టెలో ఎప్పుడూ పెట్టవద్దు. విమానం అడుగు భాగంలో అది గడ్డకట్టి పాడు కావచ్చు, పెట్టె దారి తప్పవచ్చు. వాడుకలో ఉన్న పెన్ను 30 డిగ్రీల లోపు వేడిలో సాధారణంగా నాలుగు వారాలు నిలుస్తుంది. వైద్యుని చీటీ వెంట ఉంటే భద్రతా తనిఖీలో సూదులకు, మందులకు చిక్కు రాదు.

2. కంచం కనబడిన తరువాతే సూది. భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్‌కు, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలకు ప్రయాణంలో ఇదే నియమం. విమానంలో భోజనం ఉన్నదన్న నమ్మకంతో వేసుకోవద్దు. రోజుకొకసారి వేసుకునే దీర్ఘకాలపు ఇన్సులిన్‌ను మాత్రం మానకూడదు. మీ మందు ఏ రకమో ప్రయాణానికి ముందే మీ వైద్యుణ్ణి అడిగి కాగితం మీద వ్రాయించుకోండి.

3. చెమట, వణుకు, తడబాటు, అకారణ కోపం కనబడితే షుగరు పడిపోయిందని అనుమానించండి. పరీక్షలో 70 కంటే తక్కువ ఉంటే, లేదా పరీక్షించే వీలు లేకపోయినా, మూడు నాలుగు చెంచాల చక్కెర లేదా గ్లూకోజు నీళ్ళలో కలిపి ఇవ్వండి. పావుగంటలో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక ఏదైనా తినిపించండి. లడ్డూలో నెయ్యి వల్ల చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది; ప్రసాదం తరువాత, చక్కెర ముందు. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయవద్దు, వెంటనే వైద్య సహాయం పిలవండి.

4. తప్పకూడని మాత్రలు గుర్తుంచుకోండి. మూర్ఛ మందులు, స్టిరాయిడ్లు, రక్తాన్ని పలుచన చేసే మందులు, గుండె లయకు వాడేవి, రక్తపోటుకు వాడే బీటా బ్లాకర్లు, క్లోనిడిన్ హఠాత్తుగా మానితే ప్రమాదం. ఒక పూట తప్పిందని మరుసటి పూట రెండింతలు వేసుకోవద్దు.

5. గంటకొకసారి లేచి నడవాలి. నాలుగు గంటలకు మించి కదలకుండా ప్రయాణిస్తే కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం దాదాపు రెట్టింపవుతుందని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెల్లడించింది. నిరీక్షణ శాలలో కుర్చీకి అతుక్కొని కూర్చోవడమూ అటువంటిదే. మంచినీళ్ళు తాగండి. పోకకు భయపడి నీళ్ళు మానడం వృద్ధ స్త్రీలు చేసే అతి సాధారణమైన, అతి హానికరమైన పొదుపు.

6. చేతిసంచిలో ఒక కాగితం పెట్టండి. జబ్బులు, మందుల పేర్లు, మోతాదు, పడని మందులు, ఇంటివారి ఫోను నంబరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉండాలి. మన వైపు చుట్టాలకు ఇంకొక వాక్యం తప్పనిసరి: ‘ఇటీవల భద్రాచలం అటవీ ప్రాంతంలో ఉన్నాను’ అని. ఇక్కడ కుట్టిన దోమ వల్ల వచ్చే మలేరియా జ్వరం వారం, రెండు వారాల తరువాత, కొన్ని రకాలైతే నెలల తరువాత ఎక్కడో దూరాన బయటపడుతుంది. ఆ ఊరి వైద్యునికి ఈ ఒక్క వాక్యం దారి చూపుతుంది.

7. రాత్రి నిద్రలేక, కొత్త చోట పెద్దవారికి మతి గందరగోళం కావడం సహజం. కళ్ళద్దాలు, వినికిడి యంత్రం తీయనివ్వకండి. ఫోనులో పదిమంది కాక, ఒక్క మనిషే గంటకొకసారి మాట్లాడండి. దింపిన కారు విమానం లేచేవరకు అక్కడే ఉండాలి. మందులు వేసుకొనే పెద్దవారికి వీలైనంత వరకు పగటి విమానమే కొనండి. నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే.

మనం అడగవలసినవి

విమానం గంట ఆలస్యమని తెలియగానే సిబ్బంది ఒకరు నిరీక్షణ శాలలో నిలబడి, షుగరుకు మందు వేసుకున్నవారు ఉన్నారా అని అడగాలి. ఉన్నవారికి గడియారం చూడకుండా తిండి ఇవ్వాలి. రద్దయితే మందులున్న పెట్టెను ముందుగా బయటికి తీయాలి. పెట్టిన చక్రాల కుర్చీని మనిషి గమ్యం చేరేవరకు, లేదా ఇంటివారి చేతికి అప్పగించేవరకు తీయకూడదు. ఆగిపోయిన ప్రయాణికులకు విమానాశ్రయ వైద్య కేంద్రంలో పరీక్ష ఉచితంగా చేయాలి. ఇవేవీ లక్షల ఖర్చుతో కూడినవి కావు. వీటిని నియమంగా వ్రాయమని పౌర విమానయాన శాఖను అడగండి. మీకు జరిగినదాన్ని ఆ శాఖ వారి ఎయిర్‌సేవ పోర్టల్‌లో తప్పక నమోదు చేయండి. డబ్బు వాపసు వచ్చింది గనుక ఫిర్యాదు ఎందుకులే అని ఊరుకోవద్దు. ఫిర్యాదుల్లో డబ్బు ఊసే తప్ప మనుషుల ఊసు లేకపోతే, నియమాలూ డబ్బు గురించే మాట్లాడతాయి.

ఆ రాత్రి చక్కెర నీళ్ళు తెచ్చిన అమ్మాయి పేరు అక్కయ్య అడిగే లోపే ఆమె పని వేళ ముగిసి వెళ్ళిపోయింది. ఆమెకు వైద్యం రాదు, విమానయాన నియమాలు రావు. మన ఇళ్ళలో గడప తొక్కిన ఎవరినైనా మొదట అడిగే మాట మాత్రం ఆమెకు వచ్చు. చదువుకున్న నేను ఆ మాట మరిచాను. మీ వాళ్ళ విమానం ఆగిందని ఈసారి ఫోను వచ్చినప్పుడు, ఎన్ని గంటలు ఆలస్యమని అడగకండి. తిన్నారా, మందు వేసుకున్నారా, ఆ మందు చేతిలో ఉన్నదా, పెట్టెలో ఉన్నదా అని అడగండి. విమానం సంగతి తరువాత మాట్లాడుకోవచ్చు.